పాల చీర

ఆ ఎండాకాలం నేను మా తోడికోడలి మీద పగ తీర్చుకున్నాను. దానికి కాస్త మెత్తటి పేరేదైనా పెట్టుకొమ్మని మా అమ్మ ఇప్పటికీ పోరుతూనే ఉంటుంది. నేను పెట్టను. పగంటే పగే. గొంతు పెంచకుండా, ఎవరినీ ఒక్క మాట అనకుండా, కొట్టంలో వేలాడే ఒక పాత చీరతో తీర్చుకున్నాను.

మాది పుంగనూరుకు దగ్గర్లో ఉన్న పల్లె. ఇంట్లో మా అత్త రామక్క, నా మొగుడు గిరీష్, నేను, తొమ్మిదేళ్ళ మా వెన్నెల. బావ గంగాధర్‌కు మదనపల్లెలో టమాటా మండీ ఉంది. ఆయన భార్య ఉషక్క అక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరు మగపిల్లలు. బడికి సెలవులు ఇచ్చారంటే ఉషక్క పిల్లలతో సహా పల్లెలో దిగుతుంది, బడిలో మిగిలిపోయిన పెత్తనం అంతా మా మీద చేస్తుంది.

మా కొట్టంలో రెండు జెర్సీ సీమావులు, ఒక పుంగనూరు ఆవు ఉన్నాయి. సీమావులకు ఎవరు పిండినా ఒకటే. పుంగనూరు ఆవు మల్లి మాత్రం నా నడుము ఎత్తు కూడా ఉండదు గానీ పొగరుకు ఏమీ తక్కువ లేదు. మామ పోయే ముందు ముచ్చటపడి కొన్న ఆవు కాబట్టి అత్తకు అదంటే ప్రాణం. అది నేను కూర్చుంటేనే పాలిస్తుంది. ఇంకెవరు చెంబు పట్టుకొని కూర్చున్నా పాలు బిగబట్టుకొని కాలు విసురుతుంది. పూట తప్పితే పొదుగు గట్టిపడి అల్లాడిపోతుంది.

"నందిని చేతికి తప్ప మల్లి పాలియ్యదు." ఇంటికి ఎవరొచ్చినా అత్త మొదట చెప్పే మాట అదే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ మాటకు నేనూ పొంగిపోయాను. అది నా మెడకు కట్టిన పలుపుతాడని అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. ఇంటిల్లిపాదీ తిరుమలకు పోయినప్పుడు నేను కొట్టంలోనే ఉన్నాను. ఊటీకి పోయినప్పుడూ కొట్టంలోనే. వాళ్ళు తెచ్చిన లడ్డూలు, చాక్లెట్లు తింటూ ఎంత చల్లగా ఉండిందో విన్నాను.

ఆ ఏడాది చెన్నైలో సముద్రం వైపు ఉన్న పెద్ద అక్వేరియానికి పోదామన్నారు. వెన్నెల ఫోనులో దాని వీడియోలు చూసి చూసి నాకు నిద్రపట్టనివ్వలేదు.

"అద్దాల సొరంగం ఉండాదంటమ్మా. మనం కింద నడస్తాంటే మన నెత్తి మింద సొరచేప పోతాదంట. నువ్వు నా పక్కనే ఉండాల."

"ఉంటాలే."

"ఒట్టు?"

ఒట్టు వేశాను. ఎందుకంటే ఉషక్కే నాకు మాటిచ్చింది. "ఈసారి నువ్వు రావాల్సిందే నందినీ. మల్లి సంగతి నేను సూసుకుంటా," అంది. నేను మదనపల్లెకు పోయి నీలం రంగు చీర కొనుక్కున్నాను, దానికి తగ్గ చెప్పులు కొనుక్కున్నాను.

మల్లి సంగతి ఆమె ఎలా చూసుకుందో చెప్తాను. బయలుదేరే ముందురోజు సాయంత్రం పక్కింటి దిలీప్‌ను పిలిపించి, అందరినీ కొట్టం ముందర నిలబెట్టి, పాలు పిండమంది. వాడు కూర్చోగానే మల్లి ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒక పక్క, దిలీప్ ఇంకో పక్క పడ్డారు. పిల్లలు నవ్వారు.

"చూసినావా అత్తా?" అంది ఉషక్క. "నేనేం సేసేది? అది నందిని చేతికి తప్ప ఇయ్యదే!"

ఆమె మొహంలో ఎక్కడా ఆశ్చర్యం లేదు. చీకటి పడే వేళకు ఆమె చెల్లెలు మదనపల్లె నుంచి బ్యాగుతో సహా దిగింది. అప్పుడు అర్థమైంది నాకు, నా సీటు ఎప్పుడో నిండిపోయిందని.

తెల్లవారకముందే వ్యాను వాకిట్లోకి వచ్చింది. తోలేది గిరీషే. నేను ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటాడేమోనని. ఆయన వంగి టైర్లు చూడటం మొదలుపెట్టాడు. నాలుగు టైర్లూ చూశాడు, స్టెప్నీ కూడా చూశాడు గానీ నా మొహం మాత్రం చూడలేదు. వెన్నెల కిటికీలోంచి "అమ్మా, నువ్వు ఒట్టేసినావు కదా?" అని అరుస్తూనే ఉంది, వ్యాను మలుపు తిరిగిపోయింది. నేను కొట్టంలోకి పోయి చెంబు తీసుకున్నాను.

మర్నాడు వాళ్ళు తిరిగివచ్చాక వెన్నెలకు తల దువ్వుతూ అడిగాను.

"సొరచేపను సూసినావా?"

"సూసినా. నెత్తి మిందికే వచ్చినాది. నాకు బయం అయ్యి ఏడుపొచ్చినాది."

"మరి?"

"పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నా."

దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. నా బిడ్డకు భయమేసిన వేళ నా చెయ్యి అక్కడ లేదు. ఆ చెయ్యి ఇక్కడ ఆవు పొదుగు కింద ఉంది. ఆ క్షణం నాకు ఏడుపు రాలేదు. జడ ఇంకాస్త బిగించి అల్లాను.

"ఇంగోటి చెప్పనా?" అంది వెన్నెల. "నీళ్ళ లోపల ఒకాయన చేపలకు మేత వేస్తాండాడు. నల్ల డ్రస్సు, మూతికి గొట్టం. చేపలన్నీ ఆయన సుట్టూనే తిరగతాండాయి. ఆయనకు జరం వస్తే ఎట్లని అడిగినా. ఆడ ఉండే అక్క ఏం సెప్పినాదో తెల్సా? ఆ డ్రస్సు ఎవురేసుకొని దిగినా చేపలు అట్లే వస్తాయంట. మనిషిని సూడవంట."

అప్పటికి నేను ఆ మాట సరిగా వినలేదు. నా చెవుల్లో "పెద్దమ్మ చెయ్యి" అన్న మాటే తిరుగుతోంది.

నాలుగు రోజులకు ఉషక్క ఒక పెద్ద ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చి హాల్లో తగిలించింది. అక్వేరియంలో నీలం గుడ్డ ముందర అందరినీ నిలబెట్టి తీసి, వెనక సొరచేపను అతికించి ఇస్తారట. సొరచేప నోరు తెరుచుకుని ఉంది, దాని ముందు మా ఇల్లంతా పళ్ళు బయటపెట్టి నవ్వుతోంది. వెన్నెల భుజాల మీద ఉషక్క చేతులు.

మా మామ తమ్ముడు పురుషోత్తం, కలికిరిలో ఉంటాడు, చూపు సరిగా ఆనదు, ఆ వారంలో వచ్చాడు. ఫ్రేము ముందర నిలబడి ఒక్కొక్కరినీ గుర్తుపట్టి, "ఏమ్మా ఉషా, నీకు కూతురు కూడా ఉండాదా? ఇద్దురూ మగపిల్లోళ్ళే అనుకున్యానే," అన్నాడు.

ఉషక్క గలగలా నవ్వింది. "నా బిడ్డే అనుకో మామా, ఏమిప్పుడు?"

నేను ఆయనకు కాఫీ ఇస్తూ పక్కనే ఉన్నాను. ఆ పిల్ల తల్లి ఇదిగో అని ఎవరూ అనలేదు. గిరీష్ కూడా అనలేదు. దీనికి బదులు తీర్చుకోనిదే ఊరుకోకూడదని ఆ కాఫీ గ్లాసు సాక్షిగా అనుకున్నాను.

ఎలాగో మాత్రం తెలియలేదు. తెలియజేసింది మల్లే.

ఒక సాయంత్రం, ఎవరూ ఇంట్లో లేరు. నీలం చీర పెట్టె అడుగున మడతలోనే ఉండిపోయిందని కడుపు మండి, స్నానం చేసి, తీసి కట్టుకున్నాను. ఉషక్క సెంటు కూడా ఇంత పూసుకున్నాను. ఇంట్లో నేను కట్టుకుంటే ఎవరికేం? అలాగే పోయి మల్లి పక్కన కూర్చున్నాను. పొదుగు మీద చెయ్యి వేశానో లేదో, కాలెత్తి నన్నే తన్నింది!

నేను దాని మొహంలోకి చూశాను. అది నన్ను ఎన్నడూ ఎరగనట్టు బుసకొట్టింది. లేచి, గుంజకు వేలాడే నా పాత చుక్కల చీర తీసి ఒంటికి చుట్టుకున్నాను. అది నేను పాలు పిండేటప్పుడు మాత్రమే కట్టుకునే చీర. పేడ, దాణా చిట్టు, పాల జిడ్డు కలిసి దానికొక వాసన ఉంటుంది కాబట్టి ఇంట్లోకి తేను. మల్లి మెడ తిప్పి కొంగు వాసన చూసింది. మెత్తబడింది. పాలు చెంబులోకి జల్లున దిగాయి.

పదేళ్ళుగా నా చెయ్యి, నా చెయ్యి అని చెప్పుకున్నారే, నా చెయ్యి కానే కాదు. చీర! అప్పుడు వెన్నెల మాట చెవిలో పడింది, డ్రస్సు ఎవరు వేసుకున్నా చేపలు వస్తాయని. నేను చెంబు పక్కన పెట్టి కొట్టంలో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కాస్త ఏడ్చాను కూడా. ఎవరికీ చెప్పలేదు.

మదనపల్లెలో బావ కట్టిస్తున్న కొత్తిల్లు పూర్తయింది. బడులు తెరవక ముందే గృహప్రవేశం పెట్టుకున్నారు. ఆ ముచ్చట చెప్పడానికి ఉషక్క పల్లెకొచ్చింది.

"మా స్కూల్లో అందురూ ప్యాకెట్ పాలే పొంగించినారు," అంది అత్తతో. "మనకేం కర్మ? మన మల్లి దూడతో సహా గడప దాటి లోపలికి రావాల. హాల్లోనే పాలు పిండాల, ఆ పాలే పొంగాల. ఫోటో, వీడియో రెండూ మాట్లాడినా. టీచర్లంతా వస్తాండారు." తర్వాత నా వైపు తిరిగింది. "నందినీ, ఆ పొద్దు నువ్వు లేకుంటే కాదు. నీ చేతికి తప్ప..."

"మల్లి పాలియ్యదు," అని నేనే పూర్తి చేశాను. "నాకు తెల్దా అక్కా."

"ఆ నీలం చీర కట్టుకో. నీకు బాగుంటాది," అంది ఎంతో ప్రేమగా. నేను నవ్వాను.

గృహప్రవేశం ముందురోజు సాయంత్రం పాలు పిండేశాక, మినీ లారీలో మల్లినీ దూడనీ ఎక్కించాను. చిట్టు మూట, పలుపుతాడు, చెంబు సర్దాను. పాలబకెట్లో అడుగున నా చుక్కల చీర మడిచిపెట్టాను. ఉతకలేదు.

"నేను కుప్పం పోయి మాయమ్మను పిల్చుకొని, తెల్లారి నేరుగా మదనపల్లెకు వస్తా అత్తా," అన్నాను. "వెన్నెలను కూడా తీసుకపోతాండా."

"ముహూర్తం పదింటికే, సూడు నందినీ. ముందే ఉండాల."

"ఉంటాను," అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నాలుక తడబడుతుందంటారు. నాకేమీ తడబడలేదు.

కుప్పంలో మా అమ్మకు సంగతి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న చాట కింద పెట్టేసింది.

"శుబకార్యం కాడ ఇట్లాంటి పని ఎవురన్నా సేస్తారా?"

"నేను సేస్తాండా."

"తప్పు కదమ్మా."

"తప్పే. నువ్వు వస్తాండావా లేదా?"

మా అమ్మ చాట మళ్ళీ చేతికి తీసుకుంది. తెల్లవారి చూస్తే తలకు నూనె రాసుకుని, చెప్పులు వేసుకుని, పులిహోర డబ్బా చేత పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నేను నీలం చీర కట్టుకున్నాను. ముగ్గురం కుప్పం స్టేషనులో చెన్నై రైలు ఎక్కాం.

రైలు కాట్పాడి దాటాక ఫోను మోగడం మొదలుపెట్టింది. మొదట గిరీష్. ఎత్తలేదు. మళ్ళీ గిరీష్. తర్వాత బావ. తర్వాత ఉషక్క మూడుసార్లు. అందరి పేర్లూ తెర మీద వచ్చి పోతుంటే చూస్తూ పులిహోర తిన్నాను. అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు. చివరికి అత్త చేసింది. ఆమె ఫోను ఎత్తాను.

"యాడుండావే నందినీ?" అత్త గొంతులో పంతులు మంత్రాలు, జనం గోల కలిసి వినిపిస్తున్నాయి. "ఆవు గడప దాటినాది గానీ పాలియ్యలే. గంగాధర్‌ను తన్నినాది. కొత్త బండలన్నీ పేడ! పంతులు తొందర సేస్తాండాడు."

"నేను రైల్లో ఉండా అత్తా. చెన్నైకి పోతాండా. అక్వేరియం సూసేదానికి."

అటువైపు పంతులు గొంతు ఇంకా పెంచాడు.

"పాలబకెట్లో అడుగున నా చుక్కల చీర ఉండాది," అన్నాను. "దాన్ని కట్టుకొని కూసుంటే మల్లి ఎవురికైనా ఇస్తాది. నా చెయ్యి కాదత్తా. చీర."

"ఎవురు కట్టుకోవాల?" అంది అత్త మెల్లగా. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, శుభకార్యంలో పీట మీద కూర్చోనని ఆమె ముందే ఒట్టు పెట్టుకుంది. మగవాళ్ళు అంతమంది ముందర చీర చుట్టుకోరు.

"ఇల్లు ఎవురిదత్తా? ఆ ఇంటి ఇల్లాలే కదా పిండాల్సింది."

అత్త ఫోను పెట్టేసింది. మా అమ్మ నా మొహం చూసి కిటికీ వైపు తిరిగిపోయింది.

అక్వేరియంలో ముందర రంగురంగుల చిన్న చేపలు, ఆ తర్వాత దీపాల్లేని గదులు. మా అమ్మ ప్రతి అద్దం దగ్గరా నిలబడి, లోపల ఉన్నవాటికి వినబడుతుందేమోనన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది. ఒకచోట నల్ల డ్రస్సు మనిషి నీళ్ళలో మేత వేస్తున్నాడు. చేపలు ఆయన చుట్టూ గుంపులు కట్టాయి. నేను అద్దం దగ్గరికి పోయి ఆయన మొహం చూద్దామనుకున్నాను. మొహమంతా గొట్టాలే, ఏమీ కనపడలేదు. ఆ మనిషికి మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను.

సొరంగంలోకి అడుగుపెట్టగానే మళ్ళీ ఒక అడుగు వెనక్కి వేశాను. నెత్తిన అన్ని నీళ్ళు, వాటిని ఆపుతూ ఒక అద్దం! వెన్నెల ఇప్పుడు భయపడలేదు. ఒకసారి చూసిన మొనగత్తె కదా.

"నా చెయ్యి పట్టుకో అమ్మా. ఏం కాదు," అని నన్ను లాక్కుపోయింది. సొరచేప వచ్చింది. తెల్లటి కడుపు, వంకర నోరు, మా నెత్తి మీదుగా నిదానంగా పోయింది. నేను నా బిడ్డ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, "నొప్పమ్మా," అంది.

అప్పుడే ఫోను టింగుమంది. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఉషక్క చెల్లెలు వీడియో పెట్టింది. పాలు పొంగాయని సంబరంతో పెట్టింది, పాపం, అందులో ఏముందో ఆలోచించలేదు. కొత్త హాలు, మెరిసే బండలు, మామిడాకుల తోరణం. మధ్యలో మల్లి. దాని పక్కన నా చుక్కల చీర కట్టుకుని, ముక్కు చిట్లించుకుని, తలలో కనకాంబరాలు జారిపోతుండగా గొంతుక్కూర్చున్న ఉషక్క. పట్టుచీర విప్పించి కట్టించి ఉంటారు. వెనక పట్టుచీరల టీచర్లు వరసగా నిలబడి, కొందరు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. మల్లి మెడ తిప్పి కొంగు వాసన చూసింది. మెత్తబడింది. పాలు జల్లున దిగాయి.

నేను సొరచేప కింద నిలబడి ఆ వీడియో మూడుసార్లు చూశాను.

బయటికి వచ్చే దారిలో నీలం గుడ్డ ముందర మేం ముగ్గురం కూడా నిలబడ్డాం. మా అమ్మ ఫోటోలో నవ్వలేదు. నేను మాత్రం నవ్వాను.

మర్నాడు ఇంటికి చేరేసరికి అందరూ పల్లెకే వచ్చి కూర్చున్నారు. గిరీష్ లేచి, "పరువు తీసినావు కదే!" అన్నాడు.

"నువ్వు పోయి టైర్లు సూడుపో," అన్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

ఉషక్క నా ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "కావాల్నే సేసినావు కదా?"

"అవునక్కా."

ఆమె కాదంటానని అనుకుంది కాబోలు, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. "రెండుసార్లు తలకు నీళ్ళు పోసుకున్నా. పేడ వాసన నా ఒంటి మింద నుంచి ఇంగా పోలేదు, తెల్సా?"

"నాకు పదేండ్లుగా పోలేదక్కా."

అత్త నా వైపు చూసింది, ఉషక్క వైపు చూసింది. లేచి వంటింట్లోకి పోయి, నాకు పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చింది. ఆమె అలా తెచ్చి పెట్టడం నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి. తిన్నాక సుత్తి, మేకు తీసుకుని పాత ఫ్రేము పక్కనే నా ఫోటో తగిలించాను. నన్నెవరూ అడ్డుకోలేదు.

బడులు తెరిచే వారంలో గృహప్రవేశం ఆల్బం వచ్చింది. గృహప్రవేశానికి రాలేకపోయిన పురుషోత్తం మామ కూడా ఆ రోజే వచ్చాడు. దసరా సెలవులకు మైసూరు పోదామని బావ మాట తెచ్చాడు. పిల్లలు ఎగిరారు. అత్త అలవాటుకొద్దీ, "మరి మల్లి?" అంది. అని, నాలుక కరుచుకుంది.

పురుషోత్తం మామకు ఇవేమీ తెలియవు. ఒడిలో ఆల్బం పెట్టుకుని ఒక్కో ఆకు తిప్పుతున్నాడు. పాల దగ్గర ఫోటో వచ్చింది. పక్కనుంచి తీసింది, జారిన కనకాంబరాలు మొహానికి అడ్డం వచ్చాయి. చుక్కల చీర మాత్రం చక్కగా పడింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఫోటో మీద వేలు పెట్టాడు.

"ఎవురమ్మా ఈమె? పాలు పిండేదానికి మనిషిని పెట్టుకున్యారా?"

ఉషక్క నా ఎదురుగానే కూర్చుని ఉంది. నేను ఆయనకు కాఫీ గ్లాసు అందించాను.

"మా ఉషక్క కదా మామా," అన్నాను. "ఆమె చేతికి తప్ప మల్లి పాలియ్యదు."